బహాల్ మడి చూడ్డానికి ఆద్రా దాకా

భవానీపూర్‌లో మా ఆఫీసున్న వీధిని ఊడ్చేది పైడితల్లి గారు. కార్పొరేషన్ ఉద్యోగం. పొద్దున్నే తెలుగులో పలకరించే మనిషి ఆ బెంగాలీ పేటలో ఆవిడ ఒక్కతే. మాది అనంతపురం జిల్లా అనీ, మా నాన్న వేరుశనగ పండించేవాడనీ ఒకసారి మాటల్లో నోరు జారాను. ఇక వదల్లేదు. దుర్గాపూజ సెలవులు అయిన వారానికి ఆవిడా, భర్త సింహాచలం గారూ కలిసి నన్ను పురూలియా జిల్లాకి ఒక మడి చూడ్డానికి లాక్కెళ్ళారు.

సింహాచలం గారు రైల్వేలో పట్టాల పని చేసి రిటైరయ్యారు. టికియాపారా క్వార్టర్ ఖాళీ చేయాల్సిన సమయం దగ్గర పడింది. తాతగారు శ్రీకాకుళం నుంచి వచ్చారు. అప్పట్నించీ ఆ కుటుంబానికి క్వార్టర్ గోడలే తప్ప సొంత సెంటు భూమి లేదు. తనతో ఒకే గ్యాంగులో పనిచేసిన భోలానాథ్ మహతో, మా ఊళ్ళో పల్లపు మడి ఒకటి అమ్మకానికి ఉంది రమ్మని కబురు పెట్టాడు. సింహాచలం గారు ఆ మాట పట్టుకుని నెల రోజులుగా నిద్రపోలేదట. "సొంత మడిలో పండిన కూడు ఒక్క యేడైనా తినాల బాబూ. ఆపైన ఏటైనా పర్వానేదు" అన్నారు నాతో. మట్టి చూసి బాగోగులు చెప్పడం నా పని.

షాలిమార్ స్టేషన్‌లో పొద్దున ఎనిమిదికి కాస్త ముందే రైలు కదిలింది. కూర్చునే సీట్లు, ముందుగా రిజర్వు చేసుకోవడం మంచిది, ఖరగ్‌పూర్ దాటాక నిలబడ్డానికీ చోటుండదు. పైడితల్లి గారు పులిహోర పొట్లాలు విప్పారు. రూప్‌నారాయణ్ నది, ఆపైన పాన్‌స్కురా పూలతోటలు వెనక్కి పోయాయి. అంతవరకూ ఎక్కడ చూసినా చదును, బూడిదరంగు ఒండ్రు, ఇంటికో చెరువు. ఇలాంటి నేలని చూస్తే నాకు కొంచెం కుళ్ళు. మా వాళ్ళు బోరు వేసి బోరు వేసి అలిసిపోతే, ఇక్కడ పార వేస్తే నీళ్ళు.

మేదినీపూర్ దాటగానే నేల రంగు మారింది. ఎర్ర కంకర, గుగ్గిలం చెట్ల అడవి, మధ్య మధ్య వాన కోసేసిన గండ్లు. గడబేతా దగ్గర అవి మరీ లోతు. నాకు ఊరికి వెళ్తున్నట్టే ఉంది. ఎదురు సీట్లో బాంకురా దిగాల్సిన స్కూలు మాస్టారితో ఇది మా అనంతపురంలాగే ఉందండీ అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. మీకు వాన పడదు, మాకు పడుతుంది గానీ ఆగదు, మా నేలంతా మెట్లూ వాలూ, కురిసిన నీరు సాయంత్రానికి నదిలో ఉంటుంది అన్నారు. రెండూ కరువే కదా అనుకుని కారం మరమరాల ఝాల్‌మూరీ కొన్నాను.

మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆద్రాలో దిగాం. స్టేషన్ బయట హోటల్లో అన్నం, పప్పు, చేప ముక్క. చేప తాజాగా ఉంది, పప్పు సంగతి అడక్కండి. అక్కడ్నించి షేర్ ఆటోలో రఘునాథ్‌పూర్ రోడ్డు మీద ముప్పావు గంట. దూరంగా జొయ్‌చండీ కొండ, రాళ్ళు పేర్చినట్టు నిలబడి ఉంది. దారి పొడవునా మోదుగ చెట్లు, ఈత చెట్లు. భోలానాథ్ రోడ్డు మీదే ఎదురుచూస్తున్నాడు. ఇద్దరు గ్యాంగ్‌మన్లూ ఒకరి భుజాలు ఒకరు చరుచుకుని, నన్ను మర్చిపోయి, హిందీ బెంగాలీ కలిపి చాలాసేపు మాట్లాడుకున్నారు.

నాలుగింటికి పొలాల్లోకి నడిచాం. ఈ సంగతి ఇటు వెళ్ళేవాళ్ళు తెలుసుకోవాలి: ఇక్కడ భూమికి పేరు రంగుని బట్టి రాదు, అది వాలులో ఏ మెట్టు మీద ఉందో దాన్ని బట్టి వస్తుంది. అన్నిటికన్నా పైన టాండ్, ఉత్త గుల్ల కంకర, మేకలు తిరుగుతాయి. దాని కింద బాయిద్, ఆ కింద కానాలి, అట్టడుగున బహాల్. మేం వెళ్ళేసరికి బాయిద్‌లో వరి కోతలై మోళ్ళు మిగిలాయి. ఈసారి వానలు తొందరగా ఆగిపోవడంతో అక్కడ పంట సగం తాలేనట. కానాలి పసుపు తిరిగింది. బహాల్ మాత్రం ఇంకా పచ్చగా, కాలు పెడితే దిగబడేటట్టు ఉంది.

అమ్మకానికి పెట్టింది ఆ బహాల్ మడే. భోలానాథ్ తమ్ముడు పోయాడు. ఆ తమ్ముడి భార్య సంధ్య వాటా అది. వానాకాలం మొదట్లో కురిసిన జడివానకి ఆవిడ మట్టిల్లు ఒక పక్క కూలింది, కట్టుకోవాలి.

నేను గట్టు మీద చతికిలబడి గుప్పెడు మట్టి తీశాను. వేళ్ళ మధ్య నలిపితే తెగకుండా పట్టీలా సాగింది. మంచి బంక నేల, పై మెట్ల సారమంతా కొట్టుకొచ్చి ఇక్కడే చేరింది. మా వైపు ఇలాంటి చెక్క దొరికితే అన్నదమ్ములు తలలు పగలగొట్టుకుంటారు. కళ్ళు మూసుకుని తీసుకోండి, పైవి మనకొద్దు అని తీర్పు చెప్పేశాను. సింహాచలం గారు చెప్పులు విప్పి మళ్ళోకి దిగారు. మోకాళ్ళ దాకా వరిలో నిలబడి ఒక వెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయారు. పైడితల్లి గారు కళ్ళు తుడుచుకుంటూ, క్వార్టర్ల లైన్లో అందరికీ చెప్పేసాను బాబూ, సంకురేతిరికి కొత్త బియ్యం పంపుతానని, అన్నారు.

చీకటి పడేలోపు భోలానాథ్ ఇంట్లో మరమరాలు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పెట్టారు. రాత్రికి పడక అక్కడే. పొలాలన్నీ అలా సన్నగా నిలువు పట్టీల్లా ఎందుకున్నాయి, ఒక్కొక్కరికి ఒకేచోట ఇచ్చేస్తే దున్నుకోడానికి సుళువు కదా అని అడిగాను. భోలానాథ్ నా వంక వింతగా చూశాడు. అన్నదమ్ములు విడిపోయినప్పుడు ప్రతి మెట్టునీ పంచుకుంటారట. వానలు దంచిన ఏడు బహాల్ మునుగుతుంది, బాయిద్ పండుతుంది. ఎండిన ఏడు బాయిద్ మాడుతుంది, బహాల్ అన్నం పెడుతుంది. ఒక్క మెట్టుతో ఎవరి ఇల్లూ నడవదు. మరి సంధ్య బహాల్ అమ్మేస్తే? అని సింహాచలం గారు అడిగారు. టాండ్ అమ్ముతామంటే కొనేవాడెవడు దాదా అన్నాడు. ఎండిన ఏడు ఆవిడ ఇటుకబట్టీకి కూలికి పోతుంది, ఊళ్ళో చాలామంది పోవడం లేదా అన్నాడు. వడ్డిస్తున్న సంధ్య ఇదంతా వింటూనే ఉంది. మా పళ్ళేల్లో ఇంకాసిని మరమరాలు పోసి లోపలికి వెళ్ళింది. సింహాచలం గారు ఆ మరమరాలు ముట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆద్రాలో తిరుగు రైలెక్కాం. మాట ఫోన్లో చెప్తానని సింహాచలం గారు భోలానాథ్‌తో అన్నారు. బాంకురా పోయింది, బిష్ణుపూర్ పోయింది. ఆయన కిటికీలోంచి మెట్లు మెట్లుగా దిగే నేలని చూస్తూనే ఉన్నారు. మట్టి గురించి నేను చెప్పింది తప్పు కాదు, కానీ ఆ మడి ఆ ఇంటికి ఏమిటో నాకు తెలియలేదు. ఈ యాత్రలో నాకు మిగిలింది అదే. వానమీద బతికే నేలలో పొలం గుప్పిట్లో మట్టికన్నా చాలా పెద్దది. చూడబోయేవాళ్ళు వాలు పైనించి కిందదాకా ఒకసారి నడిచి, ఆ తర్వాత నోరు విప్పితే మంచిది.

అడవి దాటుతుండగా సింహాచలం గారు ఫోన్ తీశారు. బహాల్ మడి వద్దు దాదా, దాన్ని ఆవిడకే ఉండనీ, ఆవిడ వాటాలో ఉన్న టాండ్ ముక్క నాకిప్పించు, చిన్న ఇల్లు కట్టుకుంటాం అని బెంగాలీలో చెప్పారు. అవతల భోలానాథ్ ఏమన్నాడో గానీ, గట్టి నేలే కదా, ఇంటికి అదే మేలు అని నవ్వారు. ఫోన్ పెట్టేశాక ఆ నవ్వు లేదు.

పైడితల్లి గారు ముఖం తిప్పేసుకున్నారు. ఆగలేక అనేశారు.

"నలభై యేళ్ళు కొన్న బియ్యమే తిన్నాం. ఇకనించీ అదేనేటి?"

"అదేనే. మనకి అలవాటే గదా," అన్నారాయన. "ఆ యమ్మకి అలవాటు నేదు."