ఆలుగడ్డల నీళ్లు

పాలకీడులో గొర్ల గట్టయ్య భార్య పెంటమ్మ అంటే గంజి పారబొయ్యని మనిషి. అన్నం వార్చిన గంజిలో ఇంత ఉప్పేసుకుని తాగుతుంది, లేదంటే కుడితిలో కలుపుతుంది. ఉలవలు ఉడికిన నీళ్లు చారవుతాయి. శనగలు నానిన నీళ్లకు కూడా ఆమె దగ్గర ఏదో ఒక దారి ఉంటుంది. కోడలు ప్రశాంతి కాపురానికి వచ్చిన కొత్తలో తోటకూర ఉడికిన నీళ్లు మోరీలో పోసిందని మూడు రోజులు మూతి ముడుచుకుని కూర్చుంది. ఆమె లెక్కలో గింజైనా గడ్డైనా ఉడికిందంటే సత్తువంతా నీళ్లలోకి దిగుతుంది, మిగిలింది పిప్పి. నలభై ఏండ్లు గొర్రెల వెంట తిరిగిన సంసారం ఆ నీళ్ల మీదనే నిలబడిందని ఆమె నమ్మకం. కాదనడానికి ఎవరికీ నోరు రాదు, ఎందుకంటే ఆమె చెప్పింది నిజమే. ఉడికితే సత్తువ నీళ్లలోకే దిగుతుంది.

గట్టయ్య పోయి ఎనిమిదేండ్లయింది. గొర్రెలు అంతకుముందే అమ్ముడుపోయాయి. ఒక్కగానొక్క కొడుకు సుధాకర్ మఠంపల్లి నుంచి సిమెంటు లారీ నడిపేవాడు. ముప్పై తొమ్మిదో ఏట కాళ్లు వాచాయి, మొహం ఉబ్బింది. ఎండకు, నిద్ర లేకపోవడానికి అట్లా అయిందనుకుని రెండు నెలలు నొప్పుల గోలీలు మింగాడు. మిర్యాలగూడ దవాఖానకు పోయేసరికి రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. అప్పటినుంచి మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. పొద్దున్నే ఆటోలో పోవడం, నాలుగు గంటలు మిషను పక్కన పడుకోవడం, పొద్దుగూకేసరికి పిండేసిన బట్టలా ఇల్లు చేరడం.

పెంటమ్మ తన కిడ్నీ ఒకటి తీసి కొడుక్కి పెట్టమంది. పరీక్షలు చేసి, షుగరుంది కాబట్టి కుదరదన్నారు. తొమ్మిది నెలలు మోసి కన్నదానికి ఇప్పుడు బిడ్డకు ఇయ్యడానికి ఒంట్లో ఏమీ లేకుండా పోయిందా అని ఆమె చాలా రోజులు కుమిలిపోయింది. ఆ దిగులు ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకుని ఉంటే బాగుండేదేమో.

తిండి సంగతి చెప్పే మేడం ఒక కాగితం రాసిచ్చింది. అరటిపండు వద్దు, కొబ్బరినీళ్లు వద్దు, టమాట, చింతపండు, పప్పుచారు, ఆలుగడ్డ వద్దు. నీళ్లు రోజుకు ఒక్క చెంబు. వాటన్నిటిలో పొటాషియం అనేదొకటి ఉంటుందని, మనం మూత్రంలో పోగొట్టుకునే దాన్ని ఇతని ఒళ్లు బయటికి పంపలేదని, అది పెరిగితే గుండె ఉన్నపళంగా ఆగిపోతుందని చెప్పింది. ప్రశాంతి ఇంటరు చదివింది, ఆ కాగితాన్ని పొయ్యి పైన గోడకు అంటించింది. పెంటమ్మకు అర్థమైందల్లా ఒక్కటే, కొడుకును కడుపునిండా తిననివ్వడం లేదని. ఉప్పులేని కూర, చారులేని అన్నం తిని తిని అతను ఎండిపోతుంటే ఆమె ప్రాణం ఉసూరుమనేది.

ఆలుగడ్డంటే సుధాకర్‌కు చిన్నప్పటినుంచీ పిచ్చి. జబ్బు పడ్డ మరుసటేడు దీపావళి దాటాక ఒకరోజు మూలన మరిచిపోయిన నాలుగు గడ్డలకు మొలకలు కనిపించాయి. తినే రాత ఎట్లాగూ లేదు, పెంచుదామన్నాడు. మొలక ఉన్నచోటల్లా ముక్క కోసి, బూడిద అద్ది ఆరబెట్టాడు. లారీ డ్రైవరు ఇంట్లో సిమెంటు సంచులకు కొదవేముంది, నాలుగు కడిగి అడుగున చిల్లులు పొడిచాడు. ఎర్రమట్టి సగం, పాత దొడ్డిలో మిగిలిన గొర్రె ఎరువు సగం వేసి ముక్కలు నాటాడు. కాల్వ కింద వరి తప్ప ఇంకోటి ఎరగని ఊరు అది. చూసినవాళ్లు నవ్వారు. అతను మాత్రం మొక్క ఎదిగినకొద్దీ సంచి అంచు విప్పుతూ మట్టి ఎగదోస్తూ పోయాడు. తాను చెంబెడు నీళ్లతో నాలుక తడుపుకునే మనిషి, మొక్కలకు రోజూ తన చేత్తో నీళ్లు పోసి మట్టి తాగుతుంటే చూస్తూ కూర్చునేవాడు. ఆ మూడు నెలలే అతను మనిషిలా ఉన్నాడు.

శివరాత్రి ముందు ఆకులు పసుపురంగు తిరిగి వాలిపోయాయి. ఒక ఆదివారం కోదాడ నుంచి అక్క కళ్యాణి చూడటానికి వచ్చింది. అందరూ వాకిట్లో చేరి సంచులు బోర్లించారు. మూడు కిలోల దాకా రాలాయి, కొన్ని పిడికిలంత, కొన్ని రేగుపండంత. సుధాకర్ ఒక్కోదాన్ని లుంగీకి తుడిచి వరసగా పెట్టాడు. నాలుగు ముక్కలైనా తినాలని ఉందని భార్య మొహంలోకి చూశాడు.

ప్రశాంతి ఆ చూపును ముందే ఊహించింది. దవాఖానలో అడిగి తెలుసుకుని పెట్టుకుంది. తొక్కతీసి, చిన్న ముక్కలు కోసి నానబెట్టాలి. ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబొయ్యాలి. మళ్లీ కొత్త నీళ్లలో ఉడికించి అవీ పారబొయ్యాలి. ఆ తర్వాత గుప్పెడు ముక్కలు, వారానికి ఒకసారి. ఆడబిడ్డ కూడా తింటుంది కదా అని గడ్డలన్నీ అట్లాగే వండింది. వార్చిన నీళ్లు పెద్ద బగోనెడు అయ్యాయి. పొయ్యి మీద పోపు మాడుతుంటే అత్తను పిలిచింది.

“అత్తా, గీ నీళ్లు మోరీల పారబొయ్యి. ఆయనకు గిది ఇసం లెక్క.”

పెంటమ్మ బగోన పెరట్లోకి తీసుకుపోయింది. మోరీ దగ్గర వంగింది కూడా. చిక్కగా, తెల్లగా ఉన్నాయి నీళ్లు. కొడుకు మూడు నెలలు సాకిన గడ్డల సారమంతా అందులో ఉంది. విషమంటే తాగి చూడొద్దా అని ఒక గ్లాసు తాగింది. ఏమీ కాలేదు. తన ఒంటికి కానిది తన కడుపున పుట్టినవాడి ఒంటికి ఎట్లా అవుతుందనుకుంది. బగోన మీద మూతపెట్టి కట్టెల చాటుకు నెట్టి, నీళ్లు పారబోశానని లోపలికి వచ్చి చెప్పింది.

ఆ పూట సుధాకర్ గుప్పెడు ముక్కలు ఒక్కొక్కటే నోట్లో పెట్టుకుని చాలాసేపు తిన్నాడు. కళ్యాణి సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది.

సోమవారం ప్రశాంతి పొలంలో కలుపు తీయడానికి పోయింది. పెంటమ్మ బగోన తీసి పొయ్యి మీద పెట్టి, ఉలవచారు కాచినట్టే నీళ్లు సగానికి సగం మరిగేదాకా కాచింది. ఇంత చింతపులుసు పిండి, జీలకర్ర, ఎల్లిపాయ, కరివేపాకు పోపు పెట్టింది. మధ్యాహ్నం వేడన్నంలో పోసి కొడుకు ముందు పెట్టింది. అతను పళ్లెం కేసి, తల్లి కేసి చూశాడు.

“ఏం చారే అమ్మా ఇది?”

“తిను బిడ్డా, సత్తువొస్తది.”

అతను ఇంకేం అడగలేదు. తెలిసి తిన్నాడో తెలియక తిన్నాడో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. అన్నం అయిపోయాక గిన్నెలో చారు పోయించుకుని తాగాడు. ఇంకింత పొయ్యమని గిన్నె చాపాడు. ఏడాదిన్నర తర్వాత కొడుకు చెయ్యి చాపి అడిగాడు, పెంటమ్మ నిండుగా పోసింది. ఆ మధ్యాహ్నం ఆమెకున్నంత సంతోషం ఊళ్లో ఇంకెవరికీ ఉండి ఉండదు.

ప్రశాంతి తిరిగొచ్చేసరికి అతను మంచం మీద ఉన్నాడు. కాళ్లు తిమ్మిరెక్కాయన్నాడు. కాసేపటికి చేతులూ లేవలేదు. ఆటోలో పడుకోబెట్టి మిర్యాలగూడ తీసుకుపోతుంటే దారిలోనే గుండె ఆగిపోయింది. ఏం తిన్నాడని డాక్టరు అడిగితే ప్రశాంతి ఆలుగడ్డల సంగతి చెప్పింది, రెండుసార్లు నీళ్లు పారబోశామని చెప్పింది. పొటాషియం పెరిగి ఉంటుందని, నీళ్లలోకి దిగేది అదేనని డాక్టరు అన్నాడు. గోడకు ఆనుకుని నిలబడ్డ పెంటమ్మకు ఏడాదిన్నరగా అర్థంకాని సంగతి అప్పుడు అర్థమైంది.

మూడో రోజు పోయినవాడి పేరున పిట్టకు ముద్ద పెట్టి వచ్చి అందరూ వాకిట్లో కూర్చున్నారు. కళ్యాణి ఇక ఆగలేకపోయింది.

“తినొద్దన్న గడ్డ వండి పెట్టావు. మా తమ్ముణ్ని చేజేతులా చంపుకున్నావు కదే.”

ప్రశాంతి తలొంచుకుంది. రెండు రోజులుగా తనను తాను అనుకుంటున్న మాటే అది. పెంటమ్మ గోడ పట్టుకుని లేచింది.

“దాన్ని అనకుండ్రి. గడ్డలు కాదు, ఆ నీళ్లు. పారబొయ్యమంటే నేను పొయ్యలే. చారు కాసి నా చేతులతోటి నేనే తాపిన.”

గట్టయ్య తమ్ముడు రామనర్సయ్య కండ్లు తుడుచుకున్నాడు. కోడలి మీదికి మాట రానియ్యొద్దని పాపం తన నెత్తికెత్తుకుంటున్నది, ఇసోంటి అత్త యాడుంటదని అందరికీ చూపించాడు. కళ్యాణి తల్లిని కావలించుకుని బోరుమంది. నేనే తాపానని పెంటమ్మ మళ్లీ చెప్పింది, ఇంకోసారి చెప్పింది. చెప్పినకొద్దీ చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆమె వీపు నిమిరారు. ఈరోజుకీ ఆ ఊళ్లో అత్తాకోడళ్ల పంచాయితీ వస్తే పెంటమ్మను చూసి నేర్చుకోమంటారు. అంతకంటే పెద్ద శిక్ష ఆమెకు ఎవరూ వెయ్యలేరు.

నమ్మింది ప్రశాంతి ఒక్కతే. చుట్టాలంతా వెళ్లిపోయాక వచ్చి అత్త పక్కన కూర్చుంది. తిడుతుందని పెంటమ్మ కాచుకుని ఉంది, కొట్టినా పడదామనుకుంది.

“ఇంకింత పొయ్యమన్నడా?” అని అడిగింది ప్రశాంతి.

పెంటమ్మ తలూపింది.

“ఏడాదిన్నర సంది నేనేం వండినా ఒక్కపాలి అడగలేదు అత్తా.”