మజ్జిగ మీద ఒట్టు

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. ఉమ్మడి బావిలో నా వంతు నీళ్లు మా అన్న ఆపేశాడు. వాడు చెడిపోయేదాకా మజ్జిగ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. ఏడాదిపాటు కొర్రన్నంలోకి పచ్చిమిరప కారమే నంజుకున్నాను.

గిద్దలూరు స్టేషన్లో బండి కోసం కూర్చుని, గుండెల్లో మంటకు రొమ్ము రుద్దుకుంటున్నాను. పక్కనున్న గొర్రెల కాపరి ముసలాయన సంగతంతా అడిగి తెలుసుకుని నవ్వాడు.

“పగేమో మీ అన్న మీద, ఒట్టేమో నీ కడుపు మీదనా నాయనా? ఇట్లయితే నువ్వే ముందు పోతావు. నా గొర్రెలు కాజేసిన దాయాది ఇంకా బతికే ఉండాడు. అందుకే నేను కారం తగ్గించినా. పొద్దు గూకకముందే ఇంత సంగటి మజ్జిగలో పిసుక్కొని తింటా. తిన్నెంక నడుం వాల్చను. వానికంటే ఒక్కదినమన్నా ఎక్కువ బతకాల.”

తన సొరబుర్రలోని మజ్జిగ చెంబులో పోసి ఇచ్చాడు. తాగేశాను. ఆనాటి నుంచి ఆయన చెప్పినట్టే తిన్నాను. మెల్లగా మంట పోయింది.

పోయినేడు మా అన్న చనిపోయాడు. పాడె లేచేదాకా ఇంటివాళ్లెవరూ ఏమీ ముట్టకూడదు. నేను చెంబెడు మజ్జిగ తాగి వెళ్లి, అందరికంటే ముందు భుజం పట్టాను.