బ్రేకు వినిపించిన మామ

అనకాపల్లిలో హైవే పక్కన ఉన్న బైకు షోరూముకు మా మేనమామతో వెళ్లాను. ఆయన చెరకు రైతు, ఏటా మార్కెట్లో బెల్లం అమ్ముకునే మనిషి. బ్రేకు కీచుమంటోందని పొద్దున్నే ఇచ్చిన బండి సాయంత్రానికి చేతికొచ్చింది. బిల్లు చూస్తే కళ్లు తిరిగాయి. బ్రేకు మాత్రం కీచుమంటూనే ఉంది.

"ఏటి మార్చేరో సూపించు బాబూ," అన్నాడు మామ.

"కస్టమర్లు లోపలికి రాకూడదు," అన్నాడు కౌంటరు దగ్గర మనిషి, ఫోను మీంచి తలెత్తకుండా.

నాకు ఒళ్లు మండిపోయింది. మామ గొంతు కూడా పెంచలేదు.

"మేం బెల్లం దిమ్మ బద్దలుకొట్టి, రంగు సూపించి, రుచి సూడమని, అప్పుడు ధర మాటాడతాం. నువ్వు తలుపేసుకుని ధర సెప్తన్నావు."

అంతే. డబ్బు కట్టి బండి తీశాడు. ఆ తర్వాత ఊళ్లో ఎవరికీ ఆ షోరూముకు వెళ్లొద్దని చెప్పలేదు. అక్కడ సర్వీసు ఎలా ఉందని ఎవరైనా అడిగితే, బండెక్కి నాలుగడుగులు నడిపి బ్రేకు నొక్కేవాడు. ఆ కీచుకు వీధి కుక్కలు లేచి నిలబడేవి.

"సరుకు సూపించేను," అనేవాడు మామ. "ధర ఆళ్లనే అడుక్కోండి."

అడగడానికి ఒక్కడూ వెళ్లలేదు.