సున్నా మేకల ఊరు

గద్వాలలో మాకు ఎకనామిక్స్ చెప్పిన గులాం రసూల్ సారుకు, బీఏ పిల్లల్ని తక్కువగా చూసేవాళ్లంటే ఒళ్లు మంట. "పేదరికం పుస్తకంల చదువుడు కాదు బేటా, ఊర్లకు పోయి అడగండ్రి" అనేవారు. 2006లో హైదరాబాదులో ఏటా జరిగే ఎకనామిక్స్ సదస్సు వాళ్ల వెంటపడి, పీజీ వాళ్ల మధ్య మా కాలేజీకి మాట్లాడటానికి పది నిమిషాలు సంపాదించారు. మేం తడబడితే ఇక డిగ్రీ పిల్లల్ని పిలిచేది లేదని వాళ్లు ముందే చెప్పేశారు.

నేనూ, లక్ష్మణ్, ముబషిరా ధరూర్ దిక్కు ఒక ఊళ్లో ఎవరికేమున్నాయో రాసుకుంటూ ఇల్లిల్లూ తిరిగాం. అరవై ఇళ్లు, మేకలు సున్నా. సారు కాగితాలు తిరగేసి ఒకటి పైకెత్తారు.

"మేకలే లేకుంటే ఈ మూల ఎవరు నమిలిండ్రు, నవనీతా?"

మేం రేషన్ కార్డులు తీసేసే ఆఫీసర్లమనుకుని ఊరంతా జీవాలను దాచేసింది. నోరు మూసుకుని రాసుకొచ్చిన తెలివిగలవాళ్లం మేము!

సారు కోప్పడలేదు. ఆదివారం మాతో వచ్చి, కాగితాలు సంచిలోనే ఉంచి, ఆ ఊళ్లో నర్సమ్మ అనే ఆమె చేనులో పల్లికాయ తెంపడానికి కూర్చున్నారు. రెండో ఆదివారం నర్సమ్మే అంది: "కార్డులు తీసేసెటోళ్లు గిట్ల కాయ తెంపరు. రాసుకోండ్రి, నాకు పదకొండు మేకలు."

తర్వాత సదస్సు కోసం నన్ను కాలేజీ సైకిల్ స్టాండులో నిలబెట్టి మాట్లాడించి, ఆయన గేటు దగ్గర నుంచి "వినపడ్తలేదు!" అని అరిచేవారు. ఎన్ని సదస్సుల్లో మాట్లాడిన మనిషో అనుకునేవాళ్లం.

హైదరాబాదులో పది నిమిషాలూ మాట్లాడాను. చివర్లో సదస్సు నడిపే ఒక పెద్దాయన, "మీ లెక్కలు నమ్మొచ్చా అమ్మా?" అన్నారు. "మొదటి లెక్క అబద్ధం సార్" అని, మేక నమిలిన కాగితం చూపించి జరిగిందంతా చెప్పాను. హాలంతా నవ్వింది. ఆయన మాత్రం శ్రద్ధగా రాసుకుని, వచ్చే ఏడు మీ కాలేజీ నుంచి ఇద్దరు మాట్లాడొచ్చన్నారు.

తిరుగు ప్రయాణంలో కొత్తకోటలో చాయ్ తాగుతూ అడిగాను: "మీరు మొదటిసారి మాట్లాడినప్పుడు భయమైందా సార్?"

"నేనెప్పుడు మాట్లాడిన బేటా? ఇరవై ఏండ్ల సంది పేరు ఇస్త, పిలిచే టైముకు బయటికి పోత. జర భయం."

నవ్వొచ్చింది, ఆ వెంటనే ఆయన మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

మరుసటి ఏడు సదస్సుకు పేర్లు మేమే రాసి పంపాం. మొదటిది ముబషిరా, రెండోది గులాం రసూల్. ఆయన్ను పిలిచే టైముకు లక్ష్మణ్‌ను తలుపు దగ్గర నిలబెట్టాం.