దూదిని అడిగిన రోజు

మెట్ల కింద ఇస్త్రీ బల్ల వేసుకుని బతికే మనిషికి ఇంటింటి గుట్టూ తెలుస్తుందంటారు. సగం అబద్ధం. ఎవరి చొక్కా మీద మరక పడింది, ఎవరి ప్యాంటు నడుము వదులైంది, అంతవరకే తెలుస్తుంది. మిగతాది మనం ఊహించుకుని, ఆ ఊహనే నమ్మి కూర్చుంటాం. ఇస్త్రీ అక్క కూడా అలా నమ్మి కూర్చున్న మనిషే.

ఆ మూడంతస్తుల ఇంట్లో ఆమెకు బాగా దగ్గరివాళ్ళు రెండో అంతస్తు గుమాస్తా గారు, ఆయన భార్య. ఆయన్ని అన్నయ్యా అనేది. ఆస్పత్రిలో నర్సు పని చేసే ఆవిడను వదినా అనేది. ఆస్పత్రి గేటు దగ్గర దొరికిన తెల్ల కుక్కపిల్లను నర్సు వదిన ఇంటికి తెచ్చి, దూది అని పేరు పెట్టి పెంచింది. పేరుకు తగ్గట్టే అది ఇల్లంతా బొచ్చు రాల్చేది. గుమాస్తా గారి నల్ల ప్యాంట్ల నిండా తెల్ల వెంట్రుకలే.

"వదినా, నేను మీ బట్టలు ఇస్త్రీ చేస్తున్నానా, మీ కుక్కకు క్షవరం చేస్తున్నానా?" అని గొణిగేది ఇస్త్రీ అక్క.

"క్షవరం కూలి దాన్నే అడుగు," అనేది వదిన నవ్వుతూ.

ఆ నవ్వే మనిషి జ్వరమని ఆస్పత్రిలో చేరి, మళ్ళీ ఇల్లు చేరలేదు. తర్వాత కొన్నాళ్ళకు గుమాస్తా గారి ప్యాంట్ల మీద వెంట్రుకలు రావడం మానేశాయి. బ్రష్షు పట్టే చాకిరీ తప్పిందని ఇస్త్రీ అక్క ప్రాణానికి హాయిగా ఉంది. అక్కడితో ఊరుకుందా? "అన్నయ్యా, ఈమధ్య మీ బట్టలు ఎంత శుభ్రంగా వస్తున్నాయో," అంది. "దాన్ని పైన ఉంచుతున్నానమ్మా," అన్నాడాయన ఎటో చూస్తూ. "మంచి పని చేశారు," అంది ఈ మహాతల్లి. పైన అంటే ఎక్కడ, ఎలా అని ఒక్క మాట అడిగితే నోటి ముత్యాలు రాలిపోయేవా? చేతికి పని తగ్గితే బుర్రకు కూడా సెలవిచ్చేస్తాం మనం.

ఒకరోజు మబ్బు పట్టింది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని మూడో అంతస్తు ముసలావిడ, కోడలు ఆరేసి వెళ్ళిన బట్టలు కాస్త తెచ్చిపెట్టమంది. ఇస్త్రీ అక్క డాబా ఎక్కింది. నీళ్ళ ట్యాంకు వెనక ఏదో గోనె మూటలా కనిపించింది. ఆ మూటకు కళ్ళున్నాయి.

దూది. మూరెడు గొలుసు. మెడ చుట్టూ గొలుసు ఒరుసుకుని పుండు పడింది. ఎముకలు లెక్కపెట్టొచ్చు. నీళ్ళ గిన్నె బోర్లా పడి ఉంది, లోపల చుక్క లేదు. ఆమెను చూసి తోక కూడా కదపలేదు. ఇస్త్రీ అక్క చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ట్యాంకు కుళాయి దగ్గర ఆ గిన్నె నింపి ముందు పెడితే, లేవలేక పడుకునే నాకింది.

ముసలావిడ కోడలు ఇంటికి రాగానే పట్టుకుంది. "రోజూ పైకెళ్తావు కదా, చూడలేదా?"

"చూశానక్కా. అరవదు, కరవదు. శాంతమైన కుక్కే అనుకున్నా," అంది ఆ అమ్మాయి. ఆమెనేం అనగలదు? మంచి పని చేశారని మెచ్చుకున్న నోరు తనది.

సాయంత్రం గుమాస్తా గారు మెట్లెక్కుతుంటే అడ్డం నిలబడింది. "అన్నయ్యా, అది చచ్చిపోతోంది." ఆయన తల దించుకుని, "చూస్తానమ్మా, రేపు చూస్తాను," అని తప్పుకున్నాడు. ఆ రేపు వచ్చింది. గిన్నె మళ్ళీ ఎండిపోయి ఉంది, గొలుసు అలాగే ఉంది.

"మనకెందుకే? రేపు ఇదే ఇంట్లో బతకాలి. పైగా అన్నయ్యా అని పిలిచే మనిషి మీద చాడీ చెబుతావా?" అన్నాడు మొగుడు.

"నోరు లేని దాని తరఫున చెబితే చాడీ ఎలా అవుతుంది?" అంది. జంతు సంరక్షణ వాళ్ళకు ఫోన్ చేసింది. నీళ్ళున్నాయా, నీడ ఉందా, లేచి నిలబడుతోందా, గాయాలు ఎక్కడ అని వాళ్ళు ఓపిగ్గా అడిగారు. చూసింది చూసినట్టు చెప్పింది. పేరు చెప్పక్కర్లేదన్నారు. అయినా చెప్పింది.

వాళ్ళు వచ్చినప్పుడు గుమాస్తా గారు గొడవ పడలేదు. తనే డాబా మీదికి తీసుకెళ్ళి, గొలుసు విప్పి, దూదిని వాళ్ళకు అప్పగించాడట. ఆ తర్వాత ఇస్త్రీ బల్ల ముందు నుంచి వెళ్తున్నా పలకరించలేదు.

దూది బతికింది. ఇస్త్రీ అక్క వీలున్నప్పుడల్లా పాత దుప్పట్లు పోగేసి, అది ఉన్న పశువుల ఆస్పత్రికి పట్టుకెళ్ళేది. ఒకసారి వెళ్ళేసరికి గుమాస్తా గారు అక్కడ ఉన్నారు. దూది ఆయన కాళ్ళ మధ్య దూరి, ఒళ్ళంతా ఊగిపోయేలా తోక ఊపుతోంది. ఆయన మీద దానికి కోపం లేదు. ఉన్న కోపమంతా ఇస్త్రీ అక్కకే.

"రోజూ సాయంత్రం తలుపు దగ్గర కూర్చునేది చెల్లెమ్మా," అన్నాడాయన. "మీ వదిన డ్యూటీ దిగొచ్చే వేళకి. ఇక రాదని దానికెలా చెప్పను? చూడలేక పైన కట్టేశాను. తర్వాత పైకెళ్ళి దాని మొహం చూడాలంటేనే కాళ్ళు ఆడలేదు. ఇప్పుడు ఇస్తే బాగా చూసుకుంటాను. నాకు మాత్రం ఇంట్లో ఇంకెవరున్నారు?"

డాక్టరు ఇస్త్రీ అక్క వైపు తిరిగాడు. "ఫోన్ చేసింది మీరే కదా. ఆ ఇల్లు మీకు తెలుసు. ఇవ్వమంటారా?"

ఆమె ఆయన మొహం చూసింది. చిక్కిపోయి, గడ్డం మాసి ఉంది. అబద్ధం చెప్పడం లేదు. ఆ ఇంటి తలుపు వెనక ఎంత ఖాళీగా ఉంటుందో ఆమెకు తెలుసు.

"అన్నయ్యా, మళ్ళీ సాయంత్రమవుతుంది. అది వెళ్ళి తలుపు దగ్గరే కూర్చుంటుంది. అప్పుడేం చేస్తారు?"

ఆయన దూది మీంచి చూపు తిప్పుకున్నాడు.

"ఇవ్వొద్దు డాక్టరు గారూ," అంది ఇస్త్రీ అక్క.

గుమాస్తా గారు వంగి దూది తల నిమిరి, దాని మెడకున్న మెత్తటి పట్టీ తాడు ఆమె చేతికిచ్చి, గేటు వైపు నడిచాడు. దూది ఆయన వెంట పరుగు తీయబోయింది. తాడు బిగుసుకునేసరికి వెనక్కి తిరిగి ఆమెను చూసింది, మళ్ళీ గేటు వైపు లాగింది. కొత్తగా వచ్చిన బలమంతా పెట్టి లాగింది. ఇస్త్రీ అక్క నేల మీద చతికిలబడి, రెండు చేతులా తాడు పట్టుకుని, ఆయన మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఏడుస్తూనే ఉంది. తాడు మాత్రం వదల్లేదు.