బాల్కనీ కుర్చీల కోసం పినపాక దాకా

మా అమ్మ యాదమ్మ సికింద్రాబాదులో చిలకలగూడ దగ్గర ఒక సినిమా టాకీసులో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. బాల్కనీలో ఆడవాళ్ళ వైపు తలుపు దగ్గర నిలబడి, టికెట్టు చూసి, టార్చిలైటు వేసి ఎవరి సీటు ఏదో చూపించడం ఆమె పని. ఆ టాకీసు ఇప్పుడు లేదు. అక్కడ అద్దాల షాపింగ్ కాంప్లెక్సు వచ్చి మూడేళ్ళయింది. టాకీసు మూసేసిన ఆఖరి రోజు అమ్మ మేనేజరును ఒక్కటే అడిగింది, బాల్కనీ కుర్చీ ఒకటి ఇమ్మని. ఆయన నవ్వాడు. "అవన్నీ ఎవరికో ఇచ్చేసినం యాదమ్మా. అయినా నువ్వు కుర్చీలు చూపించినదానివే గానీ కూర్చున్నదానివి కాదు గదా, నీకెందుకు?" అన్నాడు. అమ్మ టార్చిలైటు అప్పజెప్పి ఇంటికొచ్చింది. కానీ ఆ నవ్వును మాత్రం మర్చిపోలేదు.

ఆయన అన్నది నిజమే. పనివాళ్ళు బాల్కనీ కుర్చీల్లో కూర్చోకూడదని అక్కడ నియమం. తలుపు పక్కన ఒక చెక్క స్టూలు ఉండేది, అదే అమ్మకు. మధ్యాహ్నం ఆటకు జనం లేనప్పుడు తోటివాళ్ళు చల్లగా పోయి కూర్చునేవాళ్ళు. అమ్మ మాత్రం కూర్చునేది కాదు. "ఎవ్వలు చూడనప్పుడు కూర్చుంటే అది కూర్చున్నట్టా?" అనేది.

బడి వదలగానే నేను నేరుగా టాకీసుకే వెళ్ళేదాన్ని. ఆడవాళ్ళ క్యూకు అటూ ఇటూ వేసిన ఇనుప గొట్టాలు చేతుల రాపిడికి నున్నగా మెరిసేవి. సైకిల్ స్టాండు వాడు రేకు బిళ్ళలు గలగలలాడించేవాడు. పక్కనే ఇరానీ హోటల్లో చాయ్ సాసరులో పోసుకుని తాగేవాళ్ళు. ఎదురు ఫుట్‌పాత్ మీద బ్యానర్లు రాసే పెయింటరు హీరోయిన్ ముఖం సగం రాసి ఆరబెట్టుకునేవాడు, మిగతా సగం మర్నాడు వచ్చేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు హోటలూ పోయింది, పెయింటరూ పోయాడు, మాకు రోజూ కనబడే ముఖాలన్నీ ఎటో వెళ్ళిపోయాయి. చుట్టాలు మమ్మల్ని చూసి, పోయినవాటిని పట్టుకుని వేలాడతారెందుకు అంటారు. వేలాడతాం. పట్టుకోవాల్సినవి కాబట్టే పట్టుకున్నాం.

ఈ ప్రయాణం బోయిగూడలో ఒక పాత సామాన్ల దుకాణంలో మొదలైంది. బీరువా కోసం వెళ్ళిన నేను మాటల్లో మా టాకీసు పేరెత్తాను. "దాని బాల్కనీ కుర్చీలా? నలభై కుర్చీలు ఖమ్మం జిల్లా పినపాక దిక్కు చర్చి వాళ్ళు లారీల వేసుకపోయిన్రు" అన్నాడు దుకాణదారు, ఊరి పేరు కూడా చెప్పి. ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాను. ఆమె కూరగాయలు తరుగుతోంది. కత్తిపీట పక్కకు పెట్టి, "పోదాం పా" అంది. "ఇరవై రెండేండ్లు జనాన్ని కూర్చోబెట్టిన. ఒక్కసారన్న నేను కూర్చుంట."

2007 డిసెంబరులో ఒక శనివారం సాయంత్రం ఖమ్మం చేరి బస్టాండు ఎదుటి లాడ్జిలో పడుకున్నాం. ఆదివారం పొద్దున ఆరింటికి మణుగూరు ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. టికెట్టు మనిషికి డెబ్బై లోపే. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఎండ తగలదు. ఎనిమిది దాటాక కొత్తగూడెంలో పదిహేను నిమిషాలు ఆపారు, ఇడ్లీ అక్కడే తిన్నాం. పాల్వంచ పొగగొట్టాలు దాటాక అడవి రోడ్డుకు దగ్గరగా వచ్చేస్తుంది. టేకాకులు దుమ్ము పట్టి ఎర్రగా ఉన్నాయి. సారపాక దగ్గర భద్రాచలం బస్సులు గోదావరి వంతెన వైపు వెళ్ళిపోతాయి. మా బస్సు ఎడమకు తిరిగి అశ్వాపురం మీదుగా పదిన్నరకు మణుగూరు చేర్చింది. అక్కడ్నుంచి పినపాకకు షేర్ ఆటోలుంటాయి, కానీ మేం వెళ్ళాల్సిన ఊరు రోడ్డు మీద లేదు. అందుకని సమ్మయ్య అనే డ్రైవరుతో పోనూ రానూ రెండు వందలకు మాట్లాడుకున్నాను.

"ఏ చర్చమ్మా? రెండు మూడున్నయి" అన్నాడు సమ్మయ్య.

"పాత టాకీసు కుర్చీలున్న చర్చట."

"సినిమా కుర్చీల చర్చా? గట్ల చెప్పున్రి మరి. అవ్, నాకెరికే. మొన్న మా బావ పెండ్లి మాటలు గా కుర్చీల్లనే కూర్చొని మాట్లాడినం. లేవబుద్ధి కాదు తల్లీ."

అమ్మకు చెప్పని సంగతి ఒకటుంది. నా సంచీలో నైలాన్ తాడు పెట్టుకున్నాను. ఎంతడిగినా ఇచ్చి ఒక కుర్చీ కొని, బస్సు మీద కట్టించి ఇంటికి తెద్దామని నా ఆలోచన.

పినపాక దాటాక మిరప చేల మధ్య మట్టిబాట మూడు కిలోమీటర్లు. ఊళ్ళోకి వెళ్ళేసరికి పన్నెండు కావొస్తోంది. రేకుల కప్పు, తెల్లసున్నం గోడలు, చిన్న చర్చి. మేం ఆటో దిగుతుండగా లోపల ప్రార్థన ముగిసింది. ఒక్కసారిగా ఠపఠపమని చప్పుడు వచ్చింది. జనం లేవగానే స్ప్రింగుల కుర్చీలు వాటంతటవే పైకి మడుచుకునే చప్పుడది. నలభై కుర్చీలు ఒకదాని వెంట ఒకటి. అమ్మ ఆటో కమ్మీ పట్టుకుని ఆగిపోయింది.

"ఆట వదిలిన్రు" అంది.

జనమంతా బయటికొచ్చాక చర్చికి తాళం వేస్తున్న ఒకామె కనిపించింది. పేరు రత్నమ్మ, ఆ ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. యాభై ఏళ్ళుంటాయి. దారిన పోతున్న ఇద్దరు ఆడవాళ్ళతో కోయ భాషలో ఏదో చెప్పి నవ్వుతోంది. నేను తొందరపడ్డాను. నమస్కారం పెట్టి, హైదరాబాదు నుంచి వచ్చామని, ఒక్క కుర్చీ కొనుక్కుంటామని అడిగేశాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"మళ్ళ వచ్చిన్రా? అమ్మేది లేదని ఒక్కపారి చెప్తే తెల్వదా? పోయిన నెల పట్నం నుంచి ఒకాయన జీపేసుకొని వచ్చిండు. ఏదో పెద్ద హోటల్ల పాత సామాను పెడతరంట. వంద ప్లాస్టిక్ కుర్చీలిస్త, గీ నలభై ఇయ్యున్రి అన్నడు. మిరపకాయలేరిన కూలితోని తెచ్చుకున్నం తల్లీ మేము. ఇయ్యం. పోన్రి."

తాళం చప్పున పడింది. అంతదూరం వచ్చి, నా నోటి తొందరతో అంతా పాడుచేశాను. అమ్మ నా వైపు ఒక చూపు చూసి ముందుకొచ్చింది.

"నా బిడ్డ అడిగింది తప్పే చెల్లె. నేను కొనేతందుకు రాలే. జీ వరుస ఏడో నంబరు ఏడ పెట్టిన్రో చెప్పు. దాని కుడిచెయ్యి కింద రేకు లేచి ఉంటది. కొంగు పట్టి చింపుతది. గా కుర్చీ మీదికెల్లి ఎంతమందితోని తిట్లు తిన్ననో నాకే ఎరుక."

రత్నమ్మ తన చీర అంచు వైపు చూసుకుంది. అక్కడ బెత్తెడు చిరుగు, కుట్టు వేసి ఉంది. "గది నీకెట్ల ఎరుక?" అంది.

"ఇరవై రెండేండ్లు గా కుర్చీలు చూపించుడే నా పని. ఒక్కనాడు కూర్చోలే. కూర్చోనియ్యలే. గందుకొచ్చిన."

రత్నమ్మ మళ్ళీ తలుపు వైపు తిరిగి తాళం తీసింది.

మాది పోచమ్మకు బోనం చేసే ఇల్లు. అమ్మ గడప బయట చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి లోపలికి అడుగుపెట్టింది. నాలుగేసి కుర్చీలు ఒకే ఇనుప పట్టీకి కలిపిన బద్దీలు పది, సిమెంటు నేలకు బోల్టులతో బిగించి ఉన్నాయి. ఎర్ర రెగ్జిన్ అక్కడక్కడా వేరే గుడ్డతో అతికేసి ఉంది, ఇత్తడి నంబరు బిళ్ళలు మాత్రం తోమినట్టున్నాయి. అమ్మ ఒక్కో బిళ్ళ మీద వేలు పెట్టి చూసుకుంటూ నడిచింది. "సీ పక్కన హెచ్ పెట్టిన్రేంది?" అంది, కోపంగానే.

"మాకు వరుసలు లెవ్వక్కా. ముందొచ్చినోళ్ళు ముందు కూర్చుంటరు. ఆదివారం మాకు, మిగిలిన దినాలు ఊరందరికి. డాక్టరమ్మ వచ్చినా గీన్నే, పంచాయితీ అయినా గీన్నే."

అమ్మ హెచ్ బిళ్ళ మీంచి వేలు తీసింది. "గదే మంచిగున్నది" అంది.

మధ్య బద్దీలో ఒక కుర్చీ దగ్గర ఆగి, అలవాటు కొద్దీ కొంగుతో దుమ్ము తుడవబోయింది. రత్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, తన కొంగుతో తనే తుడిచింది. మడిచి ఉన్న సీటును కిందికి నొక్కి పట్టుకుని, "రా అక్కా, గిట్ల కూర్చో" అంది.

మా అమ్మకు ఒకరు సీటు చూపించడం నేను చూడటం అదే మొదటిసారి. ఆమె కూర్చుంది. వీపు ఆనించలేదు, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద పెట్టి నిటారుగా కూర్చుంది. ఎదురుగా తెర లేదు, తెల్లగోడా, ఒక చెక్క సిలువా ఉన్నాయి. వాటినే చూస్తూ ఉంది. ఈలోగా ఊళ్ళో ఆడవాళ్ళు పదిమంది దాకా తలుపు దగ్గర మూగారు. ఎవరో చుట్టాలనుకున్నారు కాబోలు. అమ్మ తల తిప్పి వాళ్ళందరినీ చూసింది. అప్పుడు వీపు ఆనించింది.

"ఆ మేనేజరు ఏడన్న కనబడితే చెప్పు బిడ్డా" అంది నాతో. "కూర్చున్న అని చెప్పు. అందరు చూస్తుండంగ కూర్చున్న."

అరగంట సేపు లేవలేదు. లేచాక సమ్మయ్య ఆటోలోంచి సుత్తి తెప్పించి, జీ ఏడు దగ్గర కూలబడి, ఆ రేకును ఎదురు కొట్టి లోపలికి మడిచేసింది. ఆ పని చెయ్యమని టాకీసులో ఎన్నోసార్లు చెప్పిందట, ఎవరూ పట్టించుకోలేదట. ఆఖరికి ఇక్కడ తన చేత్తోనే అయింది.

మధ్యాహ్నం రత్నమ్మ ఇంట్లోనే తిన్నాం. పుంటికూర పప్పు, గోదావరి చేపల పులుసు. తింటుండగా రత్నమ్మ తనే అంది, "ఒక కుర్చీ తీస్కపో అక్కా. నీకు అమ్ముడేంది, ఉత్తగనే ఇస్తం. పెద్దలతోని నేను మాట్లాడుత."

నా సంచీలో తాడుంది. తీసుకొమ్మన్నట్టు అమ్మకు సైగ చేశాను. ఆమె చెయ్యి కడుక్కుంటూ తల అడ్డంగా ఊపింది. "ఇంట్ల గోడకు పెట్టి ఏం జేసుకోవాలె చెల్లె? ఈడ రోజుకొకరు కూర్చుంటున్నరు. నాకు కూడ ఒక జాగ ఉందని తెలిసె, చాలు." నేను ఆటోలో కూడా వాదించాను. తీసుకురావాల్సిందని ఇప్పటికీ ఒక మూల అనిపిస్తుంది. ఆమెకు మాత్రం ఏ మూలా అనిపించలేదు. మణుగూరు నుంచి నాలుగున్నర బస్సుకు ఖమ్మం వస్తూ దారంతా నిద్రపోయింది. దిగాక లాడ్జి మెట్లు నాకంటే ముందే ఎక్కింది.

సిటీలో ఏదైనా కూల్చినప్పుడు, అది కాలం ధర్మం, సర్దుకోవాలి అని మనకు చెబుతుంటారు. అలా చెప్పేవాళ్ళలో ఒక్కరూ అక్కడ నిలబడి పనిచేసినవాళ్ళు కారు. నేను సర్దుకోను. గోడ పడితే ఇటుకలు ఎటు పోయాయో అడుగుతాను, తలుపు పీకితే అది ఏ ఇంటికి చేరిందో కనుక్కుంటాను. పట్నం వద్దని పారేసిన కుర్చీలను అడవి అంచున కూలి చేసుకునే మనుషులు తెచ్చి, తోమి, అతుకులేసి, వరుసల తేడా లేకుండా అందరినీ కూర్చోబెడుతున్నారు. మా టాకీసు పోయిందని ఇక ఎవరన్నా అంటే ఒప్పుకోను. చిలకలగూడలో లేదు, అంతే.

మీరూ వెళ్ళాలనుకుంటే ఒక్క సలహా. ఆదివారం పొద్దున ప్రార్థన వేళకు వెళ్ళకండి, మధ్యాహ్నం రెండు దాటాక వెళ్ళండి. పొద్దున వెళ్తే మీకు కుర్చీ దొరకదు.