చీనీ చెట్లుగా నిలబడ్డాం

పులివెందుల దగ్గర మా చేన్లో చీనీ (బత్తాయి) మొక్కలు నాటడానికి ఈ రోజు మా ఆయన సున్నంతో గుర్తులు పెట్టారు. దగ్గర దగ్గరగా పెడితే ఎక్కువ చెట్లు పడతాయని ఆయన ఆశ. వేరుకుళ్లుతో పాత తోటంతా ఎండిపోయాక, ఇంకోసారి తప్పు చేసే ఓపిక మాకెవరికీ లేదు.

మా అత్త వచ్చి చూసి, మమ్మల్నిద్దరినీ పక్కపక్క గుర్తుల మీద నిలబెట్టి కొమ్మల్లా చేతులు చాపమంది. తను గంప నెత్తిన పెట్టుకుని మా మధ్యలో నడిచింది. గంప పోయి కొడుకు చేతికి తగిలింది.

"పెండ్లాం చెయ్యి పట్టుకునేదానికి బాగుండాదిరా శీనా. కాయలు కోసేటోళ్లు యాడ పోవల్ల?"

"ఏటా కొమ్మలు కత్తిరిస్తాలేమ్మా."

"గడ్డం గీసుకునేదానికే బద్ధకం నీకు, కొమ్మలు కత్తిరిస్తావా!"

ఆయన నవ్వుతూనే గుర్తులు చెరిపి, ఎడం పెంచి మళ్లీ సున్నం పోశారు.

అత్త నా వైపు తిరిగింది. "ఏ వేరు మీద అంటు కట్టినవి తేవల్లనో నువ్వు చెప్పు పాపా."

"రంగపూర్ నిమ్మ మీద కట్టినవి అత్తా, వేరుకుళ్లును తట్టుకుంటాయంట."

"సరే, అవే తెండి." ఇంకొక్క ప్రశ్న అడగలేదు.

కొడుకును అంత సతాయించిన మనిషి నన్ను అంత తేలిగ్గా నమ్మేసరికి గుబులు పట్టుకుంది. రంగపూర్ నిమ్మ వేరు మీద చీనీ పెంచుతున్నవారు ఎవరైనా ఉంటే కాస్త ధైర్యం చెప్పండి. నా మాట తప్పయితే అదీ చెప్పండి, ఎల్లుండే మొక్కలు తెస్తున్నాం.